ఆడేది బిడ్డ, ఫోను ఇంటిల్లిపాదిదీ

ప్రార్థన కోసం ఎవరైనా ఇంటికి వస్తే, పిల్లవాడు అల్లరి చేయకుండా వాడి చేతికి ఫోను ఇచ్చి పక్కగదిలోకి పంపడం మాకు చాలా కాలంగా అలవాటు. మీ యిండ్లలోనూ ఇలాగే జరుగుతూ ఉండవచ్చు. ఆ అలవాటు మా ఇంటికే కాక మా సంఘానికి కూడా ఏమి తెచ్చిపెట్టిందో ఈ నెల మీతో చెప్పుకోవాలని అనుకున్నాము.

గత వేసవి సెలవులలో ఒక సాయంత్రం, ఏడవ తరగతి చదువుతున్న మా చిన్నవాడు చెవులకు హెడ్‌సెట్ తగిలించుకొని ఆన్‌లైన్‌లో తుపాకుల ఆట ఆడుతున్నాడు. నలుగురు జట్టుగా కూడి, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ ఆడే ఆట అది. మంచినీళ్ళ కోసం అటు వెళ్ళిన మాకు వాడి మాటలు వినబడ్డాయి.

"మా డాడీ పాస్టరు అన్నా. శనివారం ఉపవాస కూడిక ఉంటది, రాత్రి పదింటిదాకా రారు. అక్క హాస్టల్లో ఉంటది. ఇంట్లో నేనూ మమ్మీయే."

ఎవరితోరా అని అడిగితే, "టీమ్‌లో అన్న డాడీ, చాలా మంచోడు" అన్నాడు. ఆ అన్న అసలు పేరేమిటో, ఏ ఊరివాడో, వయస్సెంతో వీడికి తెలియదు. వీడి సంగతులు మాత్రం, బడి పేరు, వ్యాను వచ్చే సమయంతో సహా, ఆ అన్నకు తెలుసు. ఆటలో వీడు పెట్టుకున్న పేరు చూతుము గదా, సొంత పేరు, దాని పక్కనే మా ఊరి పేరు, పుట్టిన సంవత్సరం!

మేము అప్పుడు చేసిన పని గద్దించడం. ఫోను లాక్కొని నాలుగు మాటలు అన్నాము. అది ఎంత పొరపాటో తరువాత తెలిసింది. ఆటలో తుపాకులకూ దుస్తులకూ ఖర్చుపెట్టుకునే వజ్రాలు ఉంటాయి. వాటిని ఉచితంగా ఇప్పిస్తానని చెప్పి ఆ అన్న అంతకు ముందు రోజే మా ఫోను నంబరు తీసుకున్నాడు. మా కోపం చూసి పిల్లవాడు ఆ సంగతి మింగేశాడు.

రెండు రోజుల తరువాత మళ్ళీ ఎవరో ప్రార్థనకు వచ్చారు, ఫోను మళ్ళీ వాడి చేతికి వెళ్ళింది. అలవాటు అలాంటిది. ఆ అరగంటలో ఫోనుకు ఒక మెసేజి వచ్చింది. అందులోని ఆరంకెలు చదవమని అన్న అడిగాడు, వీడు చదివాడు. వజ్రాలు రాలేదు. ఆ ఆరంకెలు మా వాట్సాప్‌ను వేరొకరి ఫోనులో తెరిచే తాళపుచెవి.

వెంటనే మా పేరుతో సంఘ పెద్దలకు మెసేజీలు వెళ్ళాయి. ఆస్పత్రి ఖర్చుకు అర్జంటుగా ఐదు వేలు పంపమని వాటి సారాంశం. రిటైరైన ఒక మాష్టారు మారు మాట లేకుండా పంపించారు. "అయ్యగారు ఎన్నడూ అడగలేదే, అడిగారంటే ఎంత ఇబ్బందో అనుకున్నానండి" అన్నారు. మేము 1930 నంబరుకు ఫోను చేసేసరికి మూడు గంటలు గడిచాయి, డబ్బు చేతులు మారిపోయింది. ఆ సొమ్ము మేము చెల్లించుకున్నాము. ఇలాంటి మోసం జరిగితే మొదటి నిమిషాలలోనే ఆ నంబరుకు చెప్పాలి. మేము ముందు అందరికీ సంజాయిషీ చెప్పుకుంటూ కూర్చున్నాము.

డబ్బు కంటే ఎక్కువగా మమ్మును బాధపెట్టినది వేరు. భర్త తాగుడు గురించి, కుదరని పెండ్లి గురించి, బయటికి చెప్పుకోలేని జబ్బు గురించి రాత్రివేళ ఎందరో మాకు రాస్తారు. పాత మెసేజీలు మా ఫోనులోనే ఉండిపోయాయి, నిజమే. అయితే ఖాతా వాడి చేతిలో ఉన్న ఆ కొద్ది గంటలలో ఎవరు ఏమి రాశారో మాకు ఈ రోజుకీ తెలియదు.

మా నంబరుతో మళ్ళీ నమోదు చేసి, వచ్చిన కోడు వేయగానే వాడు బయటికి పోయాడు. కానీ ఈలోగా వాడు సొంత పిన్ను పెట్టినందున ఖాతా తెరుచుకోవడానికి మేము ఏడు దినాలు ఆగవలసి వచ్చింది. సెట్టింగ్స్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ అనే చోట ఆ పిన్ను మేమే ముందుగా పెట్టుకొని ఉంటే, ఆరంకెలు చెప్పినా వాడికి తలుపు తెరుచుకునేది కాదు. రెండు నిమిషాల పని.

దొంగల మాట అటుంచి, ఆటలు తయారుచేసేవారి సంగతి కూడా కొంత చెప్పాలి. ఫోర్ట్‌నైట్ ఆటను నడిపే ఎపిక్ గేమ్స్ కంపెనీ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2022 డిసెంబరులో చర్య తీసుకుంది. చిన్న బిడ్డలకు కూడా మాటల సదుపాయాన్ని మొదటి నుండి తెరిచే ఉంచి, పరాయివారితో జత చేశారని, తల్లిదండ్రుల అనుమతి లేకుండా వివరాలు తీసుకున్నారని ఆరోపణ. దానిని మూసి ఉంచుదామని సొంత ఉద్యోగులే 2017 నాటి నుండి చెబుతూ వచ్చారని కమిషన్ పేర్కొంది. పిల్లల గోప్యత చట్టం కింద 27.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి కంపెనీ ఒప్పుకుంది. అంటే తలుపు తెరిచి ఉంచి మనకు అందిస్తారు, మూసుకోవడం మన వంతు.

మన దేశంలోనూ 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేశారు. 18 ఏళ్ళు నిండనివారి వివరాలకు తల్లి లేక తండ్రి అనుమతి ఉండాలని, వారిని వెంబడించి ప్రకటనలు చూపరాదని అందులో ఉంది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన భాగాల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. కానీ బిడ్డ తాను 1990లో పుట్టానని కొట్టి లోపలికి పోతే ఏ చట్టం వాడిని బిడ్డగా చూస్తుంది? మావాడు చేసినది అదే.

ఆట పూర్తిగా మానిపించమని కొందరు పెద్దలు సలహా ఇచ్చారు. ఆలోచించాము. మా ఫోనులో మానిపిస్తే పొరుగింటి ఫోనులో ఆడతాడు, అప్పుడు అక్కడ జరిగేది మాకు తెలియదు. కనుక ఒక ఆదివారం సాయంత్రం వాడిని పక్కన కూర్చోబెట్టుకొని ఫోనంతా విప్పి చూశాము. వాడే మాకు గురువయ్యాడు. ఏ ఆటకు ఏమేమి అనుమతులు ఉన్నాయో ఫోను సెట్టింగ్స్‌లో ఒకే చోట కనబడుతుంది. రంగు గోళీలు పేల్చే ఆట ఒకటి మా కాంటాక్టులను, మేము ఉన్న చోటును అడిగి పుచ్చుకుంది. గోళీలకు వాటితో ఏమి పని? రెండూ తీసేశాము. తుపాకుల ఆటలో మాటలు ఆపేశాము. వాడికి నిజమైన వయస్సుతో, మా పర్యవేక్షణ ఉండేలా వేరే గూగుల్ ఖాతా తెరిచాము. బ్యాంకు కార్డు వివరాలు ఆటలో దాచలేదు. అంకెలతో ఏ మెసేజి వచ్చినా ముందు మాకు చూపాలని వాడు, చూపితే కేకలు వేయకూడదని మేము ఒప్పందం చేసుకున్నాము. రెండవదే కష్టంగా ఉంది.

ఆటలో కొత్త పేరు ఏమి పెడదామంటే, చాలాసేపు ఆలోచించి "చింతతొక్కు" అని పెట్టాడు. వాళ్ళమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

మాష్టారు మాత్రం ఇప్పటికీ, మా దగ్గర నుండి ఆదివారం ఆరాధన సమయం గురించి మెసేజి వెళ్ళినా సరే, ముందు ఫోను చేస్తారు. "అయ్యగారూ, మీరేనా?" అని మా గొంతు విన్నాకనే జవాబు రాస్తారు.