పహాణీలో చుక్క చేసే పని



మీ అమ్మాయిని గుంటూరు వైపు ఇచ్చారనుకోండి. బీదరు దగ్గరున్న మీ పొలం పహాణీని వియ్యంకుడుగారు చూశారు. విస్తీర్ణం 2.20 అని ఉంది. ఆయన దాన్ని రెండెకరాల ఇరవై సెంట్లుగా చదువుకున్నారు. మీ లెక్కలో అది రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఆ ఒక్క చుక్క దగ్గర 12 గుంటలు, అంటే 1,452 గజాల నేల లెక్కలోంచి జారిపోయింది.

కొలిచిన గొలుసులు వేరు కావడమే దీనికి కారణం. బొంబాయి పద్ధతి సర్వేలో గొలుసు పొడవు 33 అడుగులు. అంత పొడవు, అంత వెడల్పు ఉన్న నేల ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరం. గుంటలో పదహారో వంతు ఆనా. మద్రాసు వైపు 66 అడుగుల గొలుసు వాడారు. అక్కడ ఎకరానికి 100 సెంట్లు.

1956 నవంబరు 1న బీదరు మైసూరు రాష్ట్రంలో చేరింది. జిల్లాలోని జహీరాబాదు, నారాయణఖేడ్ ప్రాంతాలు అదే రోజు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. ఇప్పుడవి తెలంగాణలో ఉన్నాయి. సరిహద్దు మారినా పొలం మాటలు మారలేదు. పహాణీ మరాఠీ మాట. చూసి రావడమని అర్థం. కోస్తాలో దీన్నే అడంగల్ అంటారు. ఖుష్కి, తరి పారసీ మాటలు. మెట్ట, మాగాణి అంటే సరిపోతుంది.

చిక్కు ఖరాబు అనే మాటతో వస్తుంది. దాన్ని చెడిన నేల అని రాస్తే పొరపాటు. సాగుకు పనికిరాదని శిస్తు లెక్కలోంచి తీసేసిన భాగం అది. కర్ణాటకలో ఇందులో రెండు రకాలున్నాయి. రాళ్లు, కళ్లం వంటివి ఎ ఖరాబు; అది పట్టాదారుదే. బాట, వాగు, శ్మశానం వంటివి బి ఖరాబు. అది పదిమంది అవసరానికి విడిచినది. అనువాదంలో ఆ ఒక్క అక్షరం వదిలేస్తే, కొన్నవారు ఊరి బాటకు కూడా డబ్బు చెల్లించినట్టవుతుంది.

కాబట్టి పహాణీని తెలుగులోకో, ఇంగ్లీషులోకో రాయించుకునేటప్పుడు మూడు జాగ్రత్తలు పాటించండి. గుంట, ఖరాబు అనే మాటలను అలాగే ఉంచి, పక్కన వివరం రాయించండి. విస్తీర్ణాన్ని అంకెల్లోనే కాక అక్షరాల్లో కూడా వేయించండి. ఎ, బి అక్షరాలు పోకుండా చూడండి. మాట ఏ భాషలోకి మారినా, పొలం గట్టు మాత్రం ఉన్నచోటే ఉండాలి కదా!