ధర దిగింది.. ఆశ చిగురించింది
కండరాలు క్షీణించే చిన్నారులకు హైదరాబాద్ సంస్థ మందు
సకాలంలో గుర్తిస్తేనే పూర్తి ప్రయోజనం

కరీంనగర్, ఆదిలాబాద్: నాలుగు నెలలు దాటినా బిడ్డకు మెడ నిలవదు. ఏడాది గడిచినా కాలు మోపదు. కళ్లలో మాత్రం చురుకుదనం ఉంటుంది. పిలిస్తే నవ్వుతుంది. ‘కొందరు పిల్లలు ఆలస్యంగా నడుస్తారులే’ అని ఇంట్లో పెద్దలు ధైర్యం చెబుతారు. నూనె మర్దనలతో, మొక్కులతో నెలలు గడిచిపోతాయి. చివరకు హైదరాబాద్ తీసుకెళ్తే వైద్యులు చెప్పే పేరు స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ, క్లుప్తంగా ఎస్ఎంఏ. మొన్నటిదాకా ఆ పేరు వినడమంటే ఆశ వదులుకోవడమే. మందు లేక కాదు, దాని ధర కోట్లలో ఉండటం వల్ల. 2025 అక్టోబరులో ఆ పరిస్థితి మారింది.

ఏమిటీ వ్యాధి?
వెన్నుపాములోని ప్రత్యేక నాడీకణాలు కండరాలకు కదలమని ఆజ్ఞలు పంపుతాయి. అవి బతకడానికి ఒక ప్రొటీన్ కావాలి. దానిని తయారుచేసే ఎస్ఎంఎన్1 జన్యువు లోపిస్తే నాడీకణాలు ఒక్కొక్కటిగా నశిస్తాయి, కండరాలు క్షీణిస్తాయి. తీవ్రమైన రకం ఆరు నెలల లోపే బయటపడుతుంది. చికిత్స లేకుంటే ఈ శిశువుల్లో ఎక్కువమంది రెండేళ్లు దాటరు. తర్వాత బయటపడే రకాల్లో కొందరు కూర్చోగలిగినా నడవలేరు, మరికొందరు నడక నేర్చిన కొన్నేళ్లకు దానిని కోల్పోతారు. తెలివితేటలకు మాత్రం లోటుండదు.

తల్లిదండ్రులిద్దరిలోనూ లోపమున్న జన్యువు ఒక్కొక్కటి ఉంటే, వారు ఆరోగ్యంగానే ఉన్నా ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. మేనరికపు పెళ్లిళ్లలో ఇటువంటి జంటలు ఎక్కువగా ఏర్పడే వీలుంది. బంధుత్వం లేని దంపతుల పిల్లలకూ రావచ్చు.

మందు చేసే పని
శరీరంలో ఎస్ఎంఎన్2 అనే మరో జన్యువు ఉంది. అది అదే ప్రొటీన్‌ను కొద్దిగానే ఇస్తుంది. రిస్డిప్లామ్ అనే మందు దానిచేత ఎక్కువ ప్రొటీన్ తయారుచేయిస్తుంది. రోజూ ఒకసారి నోటి ద్వారా, జీవితాంతం తీసుకోవాలి. స్విట్జర్లాండ్ సంస్థ రోష్ తెచ్చిన ఈ మందుకు 2020 ఆగస్టులో అమెరికా అనుమతి లభించింది. 2021లో మన దేశంలోకి వచ్చింది.

పెద్దల్లో ఇవే తరహా నాడీకణాలను దెబ్బతీసే ఏఎల్ఎస్ వ్యాధికి ఇంతటి మందు ఇంకా దొరకలేదు. 1995 నుంచి వాడుతున్న రిలుజోల్ వ్యాధి వేగాన్ని కొద్దిగా తగ్గిస్తుంది. 2023లో అమెరికా అనుమతించిన టోఫెర్సెన్ నూటికి సుమారు ఇద్దరు రోగులకే వర్తిస్తుంది.

ధర దిగిందిలా..
రోష్ మందు సీసా ధర 2025లో సుమారు రూ.6.2 లక్షలు ఉండేది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే నాట్కో ఫార్మా దీనిని తక్కువ ధరకు అందించేందుకు సిద్ధం కాగా, పేటెంట్ ఉందంటూ రోష్ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు రోష్ కోరిన మధ్యంతర నిషేధాన్ని నిరాకరించింది. అక్టోబరు 9న ధర్మాసనం అప్పీలును కొట్టివేసింది. అదే నెల 17న సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. వెంటనే నాట్కో రూ.15,900 గరిష్ఠ ధరతో సీసాను విడుదల చేసింది. 2012లో కేన్సర్ మందు సొరాఫెనిబ్ విషయంలోనూ ఇదే సంస్థకు తప్పనిసరి లైసెన్సు దక్కి, నెలకు రూ.2.8 లక్షలైన మందు రూ.8,880కు వచ్చింది.

లెక్క ఇదీ
సీసాలో 60 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. రెండేళ్లు దాటి, 20 కిలోలు లేదా అంతకు మించి బరువున్నవారికి రోజుకు 5 మిల్లీగ్రాములు. అంటే సీసా 12 రోజులకు సరిపోతుంది. ఏడాదికి 30 సీసాలకు పైగా కావాలి. పాత ధరకు ఇది రూ.1.86 కోట్లు, కొత్త ధరకు రూ.4.8 లక్షలు. చిన్నపిల్లలకు మోతాదు, ఖర్చు తగ్గుతాయి.

అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద కేంద్రం ఒక్కో రోగికి రూ.50 లక్షల వరకు సాయమందిస్తుంది. పాత ధరకు ఆ సొమ్ము నాలుగు నెలలైనా రాదు. కొత్త ధరకు పదేళ్లు వస్తుంది. సాయం అందని కుటుంబానికి మాత్రం భారం ఇంకా తీరలేదు. నెలకు రూ.40 వేలంటే సిరిసిల్ల మరమగ్గాల కార్మికుడికో, బీడీలు చుట్టే తల్లికో, ఆదిలాబాద్ పత్తి రైతుకో మోయగలిగినది కాదు.

ఆలస్యమే శత్రువు
నశించిన నాడీకణాలను ఏ మందూ తిరిగి తేలేదు. మిగిలినవాటిని కాపాడటమే చికిత్స. అందుకే లక్షణాలు కనిపించకముందే మొదలుపెట్టిన శిశువుల్లో ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. ఆలస్యమైనవారిలో ఉన్న శక్తి నిలుపుకోవడమే పెద్ద లాభం. చేతివేళ్లతో పెన్ను పట్టగలగడం, దగ్గి కఫం తీయగలగడం కూడా ఆ కుటుంబాలకు గెలుపే.

ఇవి గమనించండి
* బిడ్డ మెత్తగా, పట్టు లేకుండా ఉండటం, కాళ్లు కప్పలా పక్కలకు వాలడం
* ఏడుపు సన్నగా ఉండటం, పాలు తాగేందుకు ఆయాసపడటం
* నాలుక సన్నగా అదురుతుండటం
* వచ్చిన కదలికలు క్రమంగా తగ్గిపోవడం

ఇలాంటి లక్షణాలుంటే పిల్లల వైద్యుడికి చూపించాలి. అంగన్‌వాడీలకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలకూ చెప్పవచ్చు. వ్యాధి నిర్ధారణకు రక్తంతో చేసే జన్యు పరీక్ష చాలు. అరుదైన వ్యాధుల కేంద్ర పథకానికి హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి విశిష్ట కేంద్రంగా ఉన్నాయి. ఇంట్లో ఇప్పటికే ఒక బిడ్డకు వ్యాధి ఉంటే, తదుపరి గర్భంలో తొలి నెలల్లోనే పరీక్ష చేయించుకునే వీలుంది. ద్రావణంగా కలిపిన మందును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఫ్రిజ్‌లో ఉంచాలి. కరెంటు కోతలుండే పల్లెల్లో దీనికి ముందే ఏర్పాటు చేసుకోవాలి.

మందు హైదరాబాద్ దాకా వచ్చింది. ఆదిలాబాద్ గూడేల్లో, కరీంనగర్ పల్లెల్లో మెడ నిలపలేని పసిబిడ్డను ‘ఇంకో నెల చూద్దాం’ అనకుండా వైద్యుడి దగ్గరకు తీసుకెళ్తేనే అది ఇక్కడిదాకా చేరుతుంది.