సముద్రానికీ వేసవి సెలవులే!

ఎండాకాలం వస్తే మనకు బడి ఉండదు. తీరంలో పడవలకు వేట ఉండదు. ఏటా ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్లు, ఇంజిను పడవలు సముద్రంలోకి వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఈ నిషేధం. మా అమ్మమ్మ వాళ్లది కాకినాడ పక్కన ఉప్పాడ. అందుకే నా చిన్నప్పటి సెలవులన్నీ ఒడ్డున ఆగిపోయిన పడవల మధ్యే గడిచాయి. వేటకెందుకు వెళ్లట్లేదని అడిగితే మావయ్య, ‘సముద్రం పురిట్లో ఉందిరా అల్లుడూ, అల్లరి చెయ్యకూడదు’ అనేవాడు.

పడవ నీడలో మకాం

మధ్యాహ్నమంతా పడవల నీడలోనే ఉండేవాళ్లం. పెద్దవాళ్లు చిరిగిన వలలు బాగుచేస్తుంటే దారం అందించడం మా పని. అది బోరు కొడితే ఎర్ర పీతల వెంట పరుగులు. ఆకలేస్తే తాటిముంజలు. ఇంజిను లేని తెప్పలకు నిషేధం వర్తించదు. అవి నాలుగు చేపలు తెచ్చిన రోజు ఇంట్లో పండగే. లేకపోతే అమ్మమ్మ దాచిన ఎండు నెత్తళ్లు, మామిడికాయ వేసి పులుసు.

ఆ పులుసు పిల్లలకు రుచి, పెద్దవాళ్లకు గత్యంతరం. వేట లేకపోతే చేతిలో డబ్బులాడవు. కిరాణా కొట్టులో ఖాతా పెరిగిపోయేది. ఇప్పుడైతే నిషేధ కాలానికి ప్రభుత్వం భృతి ఇస్తోంది.

అసలు పండగ జూన్‌లో

అప్పట్లో నిషేధం మే 31తో అయిపోయేది. ఆ సాయంత్రం ఊరంతా ఒడ్డునే. పడవలకు పసుపు, కుంకుమ పెట్టి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, డీజిలు, ఐసు ఎక్కించుకుని బయల్దేరేవాళ్లు. మర్నాడు తిరిగొచ్చిన మొదటి పడవ చుట్టూ జనమే జనం. ఇసుక మీదే చేపల పాట, బుట్టలతో ఆడవాళ్ల బేరాలు. అది చూశాకే మేం సంచులు సర్దుకునేవాళ్లం.

2015లో నిషేధాన్ని 61 రోజులకు పెంచారు. చేపలకు అది మంచిదే. కానీ బళ్లు జూన్‌ 12 ప్రాంతంలో తెరుస్తారు. అంటే, ఇప్పుడు సెలవులకొచ్చిన పిల్లలు మొదటి పడవ కదలకముందే ఇంటికెళ్లిపోతారు. పాపం, వాళ్లకు సముద్రం అంటే ఆగిన పడవలే!

ఇసుక ఏది?

మేం ఆడుకున్న ఇసుక కూడా ఇప్పుడు లేదు. ఉప్పాడ ఒడ్డును సముద్రం ఏళ్ల తరబడి కోసేస్తోంది. ఇళ్లు, గుళ్లు, రోడ్డు ముక్కలు కలిసిపోయాయి. కోతను ఆపడానికి ఇసుక నింపిన జియోట్యూబులతో గోడ కట్టారు. తుపాన్లకు అదీ దెబ్బతింది. ఆనకట్టల వల్ల గోదావరి ఒండ్రు తగ్గడం, కాకినాడ ఎదురుగా పెరుగుతున్న హోప్‌ ఐలాండ్‌ అలల తీరును మార్చడం లాంటివి కారణాలని పరిశోధకులు చెబుతారు.

మీ ఊరికి తీరం దగ్గరా? అయితే ఫోన్‌లో జూన్‌ 15కి రిమైండర్‌ పెట్టుకోండి. ఉప్పాడో, విశాఖ ఫిషింగ్‌ హార్బరో, నిజాంపట్నమో... ఏదైనా సరే. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ ఒక్కరోజుకి బడి మాన్పించి మరీ తీసుకెళ్లండి. వచ్చేటప్పుడు సంచి మర్చిపోవద్దు, చేపలు తాజాగా దొరుకుతాయి!