సముద్రశాస్త్రము – జనరక్షణము

2004 డిసెంబరు 26వ తేదీన సుమత్రాకడ భూమి కంపించిన రెండు గంటల పిమ్మట గాని సునామీ మన తూర్పుతీరమును తాకలేదు. వ్యవధి యుండెను, హెచ్చరించువారు లేకపోయిరి. భూకంపకేంద్రమునకు సమీపముననే యున్న సిమెలూ ద్వీపమున సుమారు 78,000 జనులలో మృతులు ఏడుగురే. 1907 నాటి యుపద్రవమును పెద్దలు కథలుగా చెప్పి, భూమి కంపించి సముద్రము వెనుకకు తగ్గినచో కొండ కెక్కవలెనని పిల్లలకు నేర్పియుండిరి.

అంతటి దూరపు కంపము మన తీరజనులకు స్పష్టముగ తెలియకపోవచ్చును. కావున యంత్రమే తెలుపవలెను. 2007 నుండి హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రము ఆ పని చేయుచున్నది. అయినను వార్త కార్యాలయములలో నాగినచో ఫలమేమి? వినిన జాలరి యేమి చేయవలెనో ముందే యెరిగియుండవలదా? సముద్రశాస్త్రము తీరపు బడులలో, రేవులలో తెనుగున వినబడవలెను. శాస్త్రజ్ఞుల యెరుక పల్లెజనుల నాలుకకు వచ్చిననాడే యది ప్రజల సొత్తగును.