మామిడితోటలో గాలివాన

చిత్తూరు సీమలో ఏప్రిల్, మే మాసముల గాలివానను తొలిసారి చూచు బాలునికి ముందుగా కలుగునది హాయి. పగలంతయు నిప్పులు చెరిగిన యెండ. సాయంకాలమునకు నల్లని మబ్బు. అంతలో ఒడలు పులకరింపజేయు చల్లగాలి. ఆ చల్లదనమే ప్రమాదసూచన. మబ్బునుండి రాలు చినుకులు త్రోవలో కొంత ఆవిరియగుటచే అచ్చటి గాలి చల్లబడి, బరువెక్కి, నేలపైకి దూకును. నేలను తాకి నలుదెసలకు పరుగెత్తును. బీళ్లలో ఎండుటాకులను లేపు సుడిగాలి నేలవేడిమికి పుట్టి పైకెగయునది. ఇది మింటినుండి దిగివచ్చునది. చెట్లను కూల్చు బలము దీనిదే.

తిరుపతికి చేరువనున్న గాదంకిలో 1024 యాంటెనాల రాడారు 1990వ దశకమునుండి గాలుల నడకను 20 కిలోమీటర్ల యెత్తునకు పైగా కొలుచుచున్నది. ఎగయు గాలి యేదో, దిగు గాలి యేదో అది చెప్పగలదు. ఏ తోటపై ఏ గడియలో ఆ గాలి విరుచుకుపడునో ముందుగా చెప్పుట వేరు మాట.

దామలచెరువు, బంగారుపాళెము ప్రాంతముల రైతునకు కావలసినది ఆ మాటయే. తోతాపురి కోత జూన్, జూలై మాసములలో. గుజ్జు ఫ్యాక్టరీలు కోరునది ముదిరిన కాయ. మే నెలలో పావుగంట గాలి వీచెనా, ఏడాది కౌలు, మందులు, కాపలా, అన్నియు పచ్చికాయలై నేలరాలును. ఇంటి పెంకులెగిరినను అతడు ముందు తోటవైపే పరుగెత్తును. మరునాడు సంతలో ఊరగాయకని గంపలకొలది చవుకగా అమ్ముడగునవి ఆ రాలిన కాయలే.