మడత పెట్టే చేతులే డెంగీకి ఆసరా

పండగ ముందు ప్రొద్దుటూరు బట్టల కొట్లో కూర్చుంటే ఒకటి గమనించవచ్చు. ఒక్క చీర కొనడానికి నలభై చీరలు విప్పిస్తాం. గుట్టపడిన వాటిని కొట్లో కుర్రాళ్లు అంచుకు అంచు కలిపి మళ్లీ మడత పెడుతూనే ఉంటారు. ఒక్క పూట వాళ్లు రాకపోతే కొట్టు నడవదు.

మన కణాల్లో ఆ పని హీట్ షాక్ ప్రొటీన్లది (పొట్టిగా హెచ్‌ఎస్‌పీ). ఏ ప్రొటీనైనా పొడవాటి దారంలా తయారవుతుంది, చాలావరకు సరిగ్గా మడతపడితేనే పనికొస్తుంది. వేడి పెరిగితే మడత విడిపోతుంది, అప్పుడు ఈ చేతులు ఎక్కువ కావాలి. 1962లో ఇటలీ శాస్త్రవేత్త ఫెరూచియో రిటోసా, ఇంక్యుబేటర్లో వేడి పెరిగినప్పుడు పండుఈగల క్రోమోజోములపై కొత్త ఉబ్బులు రావడం చూశాడు. ఆ పేరు అక్కణ్ణుంచి వచ్చిందే.

జమ్మలమడుగు ఎండకు 'ఒంట్లో వేడి చేసింది' అని సబ్జా నీళ్లు తాగుతాం కదా, ఆ వేడికీ ఈ పేరుకూ ముడిపెట్టొద్దు. బయట నలభై దాటినా ఆరోగ్యంగా ఉన్న ఒళ్లు లోపల 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఈ ప్రొటీన్లు చలికాలంలోనూ మనలో ఉంటాయి.

ఇవి ఎక్కువగా కణం లోపలే పనిచేస్తాయి, కొన్ని మాత్రం కణం పైపొర మీదికీ వస్తాయి. డెంగీ వైరస్ వాటినీ పట్టుకుంటుంది. హెచ్‌ఎస్‌పీ 90, హెచ్‌ఎస్‌పీ 70 అనే రెండూ మనిషి కణాల మీద ఈ వైరస్‌కు ఆసరా ఇస్తున్నాయని 2005లో మెక్సికో పరిశోధకులు చూపించారు. వైరస్ అలా అతుక్కున్నాక కణమే దాన్ని చిన్న సంచిలో చుట్టి లోపలికి లాక్కుంటుంది. సంచిలో పులుపు పెరిగేకొద్దీ వైరస్ పైతొడుగు రూపం మారి, సంచి గోడతో కలిసిపోతుంది. దాని ఆర్‌ఎన్‌ఏ కణంలోకి జారుతుంది. ఇక ఆ కణం వైరస్‌కు పనిచేసిపెడుతుంది.

అయితే అన్ని కణాల్లోనూ ఇదే దారి కాదు. కాలేయ కణాల్లో ఈ రెండింటితో పని లేకుండానే డెంగీ లోపలికి పోతోందని 2007లో థాయ్‌లాండ్ శాస్త్రవేత్తలు తేల్చారు. ఒక్క తలుపు మూస్తే ఈ జబ్బు ఆగదని నేను అనుకునేది అందుకే. 2015లో శాస్త్రవేత్త జుడిత్ ఫ్రైడ్‌మన్ బృందం ఇంకాస్త ముందుకు పోయింది. వైరస్ లోపలికి రావడానికే కాదు, తన నకళ్లు తీసుకోవడానికీ, కొత్త వైరస్‌లుగా కూడుకోవడానికీ హెచ్‌ఎస్‌పీ 70 కావాల్సిందేనని కనుక్కుంది. దాన్ని అడ్డుకునే రసాయనాలతో ప్రయోగశాల కణాల్లో డెంగీ అణిగింది. కానీ మడత పెట్టే ఆ చేతులు మనకూ కావాలి, రోగికి ఇవ్వాలంటే ఎంతో ఆచితూచి అడుగు వేయాలి. డెంగీ వైరస్‌ను చంపే మందు ఇప్పటికీ ఆస్పత్రికి రాలేదు.

కాబట్టి డెంగీని మోసే దోమ పుట్టే నీళ్ల తొట్టి దగ్గరికే రావాలి. పులివెందులలో కుళాయి రోజూ రాని వీధుల్లో ప్రతి ఇంటా తొట్టీ, డ్రమ్మూ ఉంటాయి. మూత తీసి టార్చి వేసి చూడండి, నీటి పైపొర నుంచి తలకిందులుగా వేలాడే సన్నటి పురుగులు కనిపిస్తాయి. తొట్టిని తడితే మెలికలు తిరుగుతూ అడుక్కి పోతాయి. వారం పది రోజుల్లో అవి దోమలవుతాయి. నీళ్లు పారబోస్తే చాలదు. గుడ్లు నీటి గీతకు కాస్త పైన గోడకు అంటుకుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. కొబ్బరి పీచుతో ఆ గీత వెంబడి గట్టిగా రుద్ది కడిగాకే తొట్టి మళ్లీ నింపాలి.