గాలి 150, తుపాను 15

"గంటకు 150 కిలోమీటర్ల గాలి అంటారు. తుపాను మాత్రం తీరానికి రావడానికి రెండు రోజులు పడుతుందంటారు. ఇదేం లెక్క?" అని పాత్రపూర్ పాఠకుడొకరు అడిగారు. ఇంత మంచి ప్రశ్నను వచ్చే నెలకు ఆపడం నావల్ల కాలేదు.

సూత్రం బడిలో చదివిందే. వేగం మారకుండా ఉంటే దాన్ని కాలంతో గుణించాలి, వచ్చేది స్థానభ్రంశం. గంటకు 15 కిలోమీటర్ల చొప్పున 6 గంటలకు 90. అసలు రుచంతా దిక్కులో ఉంది.

బొంగరం గిర్రున తిరుగుతూనే నేల మీద మెల్లగా పక్కకు జరుగుతుంది. తుపానూ అంతే. 150 అన్నది కేంద్రం చుట్టూ గాలి తిరిగే వడి. 15 అన్నది ఆ కేంద్రం సముద్రం మీద జరిగే వేగం. మన గుణకారంలోకి వచ్చేది ఈ పదిహేనే.

ఇప్పుడు దిక్కు. సరిగ్గా వాయవ్యానికి 90 కిలోమీటర్లు జరిగిన తుపాను ఉత్తరానికి దాదాపు 64, పడమరకు దాదాపు 64 జరిగినట్టు. రెండూ కూడితే 128 కదా అనకండి. వర్గాలు కూడి వర్గమూలం తీయండి, మళ్లీ 90 వస్తుంది. ఎంత అందం! 300 కిలోమీటర్ల దూరాన ఉన్న తుపాను 5 డిగ్రీలు పక్కకు ఒరిగితే, తీరం చేరేసరికి తేడా 26 కిలోమీటర్లు. సూటిగా కొలిస్తే గోపాల్‌పూర్‌కూ ఇచ్ఛాపురానికీ ఎడం ఇంచుమించు అంతే. అంకె తప్పితే తుపాను వచ్చే వేళ మారుతుంది, దిక్కు తప్పితే ఊరే మారుతుంది.

ఓడల లెక్కా ఇలాంటిదే. 1707లో ఇంగ్లిష్ అడ్మిరల్ క్లౌడెస్లీ షావెల్ నౌకలు జిబ్రాల్టర్ నుంచి ఇంగ్లండుకు మళ్లాయి. దిక్కు, వేగం, గడిచిన కాలం చూసి తామెక్కడున్నదీ లెక్కగట్టుకోవడమే ఆనాటి నావికుల పద్ధతి. లెక్కలో తేలిన చోటు వేరు, ఓడలున్న చోటు వేరు. సిలీ దీవుల రాళ్లకు కొట్టుకుని నాలుగు ఓడలు పోయాయి, వెయ్యిమందికి పైగా మరణించారు.

"మారకుండా ఉంటే" అన్న షరతు మీదే సూత్రమంతా నిలబడింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను, పాత దారినే పోయి ఉంటే ఇంకా పడమటికి వెళ్లాలి. అది ఈశాన్యానికి మళ్లింది. గజపతి జిల్లా కొండల్లో కుండపోత కురిసి, చరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. వాతావరణ శాఖ తుపాను వేళ 3 గంటలకోసారి బులెటిన్ ఇచ్చేది ఇందుకే. ప్రతిసారీ కొత్త స్థానం, కొత్త దిక్కు, కొత్త వేగం. గుణకారం తర్వాతి బులెటిన్ దాకానే చెల్లుతుంది.

పాఠ్యపుస్తకాల్లో మాత్రం తిన్నని రోడ్డు మీద కారే కనిపిస్తుంది, అందులో దిక్కుకు పనే ఉండదు. టీవీల వాళ్లూ 150ని తెరనిండా వేసి, కేంద్రం ఎటు, ఎంత వేగంతో జరుగుతోందో అడుగున చిన్న అక్షరాల్లో పరుగెత్తిస్తారు. పాత్రపూర్‌లో కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్న మనిషికి కావలసింది ఆ చిన్న అక్షరాలే.